నైలాను గుడ్డ, మీటరు ముల్లు

మా ఇంట్లో పాతగుడ్డను పారేసే అలవాటు లేదు. నూలుచీర చిరిగితే గట్టిగా ఉన్న భాగం చంటిపిల్లల పక్కకు పోతుంది. మిగిలింది బొంతలోకి. బొంతకు కూడా రాని పీలికలు పొయ్యి మీది గిన్నె దించుకోవడానికి, ఆఖరుకు దీపం వత్తికి. పోగు మిగలకుండా పోయేదాకా ఆ చీరకు సెలవు లేదు. నైలాను చీరతోనే చిక్కు వచ్చింది. అది నీళ్ళు పీల్చదు, బొంతలో కుట్టును నిలవనివ్వదు, వేడిగిన్నె పట్టుకుంటే చేతికి కరుచుకుంటుంది. డెబ్బైల చివర్లో ఆడవాళ్ళందరూ ఆ చీరల మీద పడ్డారు, ఉతికితే గంటలో ఆరిపోతుందని. నాకూ ఒకటి ఉండేది. తలుపు చిలుకుకు తగులుకుని మోకాలి దగ్గర నుంచి అంచుదాకా చీరుకుపోయింది. పారేయడానికి చేయి రాలేదు. నాలుగు ముక్కలు చేసి, అంచులు మడిచి కుట్టి, అంగట్లో సామాను తుడవడానికి పెట్టాను. దుమ్ము దానికి ఇట్టే అంటుకుని వచ్చేది. ఎంత తెలివైన పని చేశానో అనుకున్నాను.

అంగడి మా ఆయనది. ఆళ్ళగడ్డలో మా ఇంటి ముందుగదే అంగడి, వెనకగది, వంటిల్లు కాపురం. ఆయన నంద్యాలలో ఒక రేడియో అంగట్లో ఆరేళ్ళు ఉండి పని నేర్చుకున్నాడు. సర్టిఫికెట్టు లేదు. చేతిలో పని ఉంది, నోట్లో మాట లేదు. ఎవరైనా గట్టిగా అడిగితే నేల చూస్తాడు. ఊరు ఊరంతా రేడియోలు ఉన్న కాలంలో ఆయన మాట్లాడకపోయినా జరిగిపోయింది. తర్వాత టేపురికార్డర్లు వచ్చాయి, జనం వాటిని పట్టుకుని నంద్యాల బస్సెక్కడం మొదలుపెట్టారు. మా బల్ల మీద పని తగ్గింది.

మా అన్నకు కోయిలకుంట్లలో శనగపప్పు మిల్లు. ఆయన వచ్చినప్పుడల్లా ఒకటే పాట.

"ఏం బావా, ఈ డబ్బాలు గోక్కుంటా ఎన్నాళ్ళు కూసుంటావ్? మిల్లుకు రా. గుమాస్తాగా పెట్టుకుంటా. మూటలు లెక్కేసి రాసుకునే పని. ఫ్యాను కింద కుర్చీ."

మా ఆయన నవ్వి ఊరుకునేవాడు. కానీ అన్న పోయినాక ఆ రోజంతా అన్నం సరిగ్గా తినేవాడు కాదు. మూటలు లెక్కపెట్టడానికి భయపడే మనిషి కాదు. బల్ల ముందు నుంచి లేవమంటేనే ఆయనకు ప్రాణం పోయినట్టుండేది.

ఆ ఏడు శివరాత్రి దాటినాక నంద్యాలలో ఒక కాలేజీ నుంచి కబురు వచ్చింది. పిల్లల ప్రయోగాలకు ఎనిమిది పవర్ సప్లై పెట్టెలు కావాలి, ముందు ఒకటి చేసి చూపించండి, అది సరిగ్గా ఉంటే మిగతా ఏడూ మీకే ఇస్తాం అన్నారు. పవర్ సప్లై అంటే పెద్ద విద్యేమీ కాదు. గోడలోంచి వచ్చే కరెంటును తగ్గించి, చదును చేసి, బ్యాటరీ ఇచ్చినట్టు ఇచ్చే పెట్టె. ముందు ఒక గుండీ ఉంటుంది. తిప్పితే మూడు ఓల్టులు, ఆరు, తొమ్మిది, పన్నెండు. మెకానిక్కు బల్ల మీద అది లేకుంటే పని నడవదు.

అదే వారం మా అన్న మళ్ళీ వచ్చాడు. ఈసారి మా ఆయన తల ఎత్తి మాట ఇచ్చాడు.

"ఈ కాలేజీ పని దొరికితే ఈడనే ఉంటా బావా. దొరక్కుంటే అంగడి మూసి నీ మిల్లుకు వస్తా. ఇంక నన్ను అడగొద్దు."

ఆ మాటతో ఆ ఒక్క పెట్టె మీద మా అంగడి నిలబడింది.

పెట్టె చేయడం ఒక ఎత్తు, దాన్ని పరీక్ష పెట్టడం ఒక ఎత్తు. దానికి పెద్ద అంగళ్ళలో ఖరీదైన సామాను ఉంటుందట. మా దగ్గర ఉన్నదల్లా ఓల్టులు కొలిచే ఒక మల్టీమీటరు. నల్లని డబ్బా, పైన ప్లాస్టిక్ అద్దం, లోపల వెంట్రుకంత ముల్లు. ఆ మీటరంటే మా ఆయనకు ఇంట్లో పెద్దమనిషి కింద లెక్క. మిగతావి మేమే కల్పించుకున్నాం. పెట్టె మీద బరువు వేసి చూడాలి కదా, ఖాళీగా ఆరు చూపించి పని చెప్పగానే నాలుగుకు దిగిపోతే ఏం లాభం? దానికి కాలిపోయిన కరెంటు పొయ్యి నుంచి స్ప్రింగు తీసి, ఒక పలక మీద మేకులు కొట్టి సాగదీసి కట్టాం. ఏ మేకుకు తీగ తగిలిస్తే అంత బరువు. ఇంకా పెద్ద బరువు కావాలంటే లారీ లైటు బల్బు.

కరెంటు చదునుగా ఉందో లేదో చూడటానికి పాత రేడియో స్పీకరు. పెట్టెలో లోపం ఉంటే స్పీకరు జుమ్మని మూలుగుతుంది. ఆ మూలుగు వినే పని నాది. ఆయన చెవి కొంచెం మందం. నాకు పాలు పొంగబోయే చప్పుడు వీధిలోంచి వినపడుతుంది.

ఇక గోడ కరెంటు ఎక్కువైనా తక్కువైనా పెట్టె చలించకూడదు. దానికి కరెంటును పెంచి తగ్గించే పెద్ద యంత్రం ఒకటి ఉంటుందని ఆయన చెప్పాడు. మాకు అది ఎందుకు? వీధి చివర నూనెమిల్లు ఉంది. అది తిరుగుతుంటే మా ఇంట్లో బల్బు గుమ్మడిపండు రంగులోకి దిగుతుంది. మధ్యాహ్నం కూలోళ్ళు అన్నానికి లేచి మిల్లు ఆపితే బల్బు భగ్గుమంటుంది. మిల్లు తిరిగేటప్పుడు ఒకసారి, ఆగినప్పుడు ఒకసారి చూసుకుంటే సరి. మిల్లు యజమానికి తెలియదు, ఆయన మిల్లు మా పరీక్ష సామానులో ఒకటని.

అన్నీ చూసుకున్నాక ఆఖరు పని గుండీ చుట్టూ అంకెలు రాయడం. మీటరు ముల్లు మూడు మీద నిలబడిన చోట మూడు, ఆరు మీద నిలబడిన చోట ఆరు. అది కూడా నాదే. నేను మూడో తరగతిలో బడి మానేశాను. కానీ అంకెలు గుండ్రంగా రాస్తానని మా పంతులు పలక ఎత్తి క్లాసుకు చూపించేవాడు. తెల్ల రంగులో సన్న కుంచె ముంచి రాసేదాన్ని.

ఆయన గుండీ తిప్పుతాడు. నేను మీటరు తుడిచి ముందు పెడతాను. మురికి అద్దంలోంచి చూస్తే లెక్క ఎట్లా తెలుస్తుంది? ఆయన చేతులకు ఎప్పుడూ జిగురు, మసి. అద్దం మధ్యలో వేలిముద్రలు. నేను తిట్టుకుంటూ నైలాను గుడ్డతో అద్దం తళతళలాడేదాకా రుద్దేదాన్ని.

మొదటి పెట్టె తయారైంది. మా ఆయన దాన్ని తువ్వాలులో చుట్టుకుని నంద్యాల బస్సెక్కాడు. పొద్దుగూకక ముందే తిరిగొచ్చాడు. తువ్వాలు విప్పకుండానే పెట్టెను బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

"ఏమైందయ్యా?"

"ఆరు అని రాసిన కాడ అయిదున్నర చూపించింది వాళ్ళ మీటరు. తొమ్మిది కాడ ఎనిమిదిన్నర కూడా లేదు."

"వాళ్ళ మీటరే తప్పేమో."

"వాళ్ళకు మూడు మీటర్లు ఉండాయి. మూడూ అదే చెప్పినాయి." తువ్వాలు విప్పుతూ అన్నాడు, "ఆ కాలేజీ సారు నన్నొక మాట అడిగినాడు. మీటరు పెట్టి రాసినారా, అందాజుగా రాసినారా అని."

ఆ మాట ఆయనకు ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. ఆయన అందాజుగా ఉప్పు కూడా వేసుకోడు. ఆ సారు మంచివాడే, ఇంకో వారం గడువిచ్చాడు. బుధవారం మళ్ళీ తెచ్చి చూపమన్నాడు. అప్పుడూ తేడా వస్తే వేరేచోట కొనుక్కుంటామన్నాడు.

మరునాడు పొద్దున్నే నేను మీటరు శుభ్రంగా తుడిచి ఇచ్చాను. ఆయన పెట్టెకు తగిలించాడు. ఆరు అని రాసిన చోట ముల్లు సరిగ్గా ఆరు మీద నిలబడింది. తొమ్మిది కాడ తొమ్మిది.

"సూడు" అన్నాడు ఆయన. "నేను అబద్ధం చెప్తాండానా?"

"నిన్నెవరన్నారు? బస్సులో కుదుపులకు ఏదన్నా కదిలి మళ్ళా కూసుందేమో."

ఆయన పెట్టె విప్పి ప్రతి అతుకూ మళ్ళీ అతికాడు. ఎందుకైనా మంచిదని మీటరు సంచిలో వేసుకుని లారీ బ్యాటరీలు చేసే అంగడికి పోయి, నిండుగా ఛార్జి అయిన బ్యాటరీ మీద పెట్టి చూశాడు. ఆ బ్యాటరీ ఎంత చూపించాలో అంతే చూపించింది. మీటరు తప్పు కాదు. మధ్యాహ్నం ఇంటికొచ్చి అదే మీటరు మళ్ళీ పెట్టెకు పెట్టాడు. ఇప్పుడు ఆరు కాడ అయిదున్నర.

పొద్దున ఆరు చూపించిన పెట్టె మధ్యాహ్నానికి అయిదున్నర ఎందుకైంది? నూనెమిల్లు వల్ల అనుకున్నాడు. కానీ అప్పుడు మిల్లు ఆగి ఉంది, కరెంటు ఎక్కువగా ఉండాలి. ఎండ వల్ల అనుకున్నాడు. పెట్టెను తడిగోనె మీద పెట్టాడు. రెండు పార్టులు మార్చాడు. సరే, ఇప్పుడు సరిగ్గా వచ్చింది, రాయి అంటే నేను పాత అంకె గీకి కొత్తది రాశాను. మరునాడు పొద్దున నేను మీటరు తుడిచి ఇస్తే, అదే అంకె కాడ ముల్లు ఆరున్నరకు ఎక్కి కూర్చుంది.

రెండు రోజులు ఇట్లా జరిగింది. పెట్టె ముఖం మీద నా అంకెలు గీకి గీకి రేకు కనపడసాగింది. ఆయన గడ్డం గీసుకోవడం మానేశాడు. నేను మాత్రం నా పని తగ్గించలేదు. ఇంత గందరగోళంలో శుభ్రత అయినా ఉండాలని ఇంకా గట్టిగా రుద్దాను.

"ఆ అద్దం అరిగిపోతాది" అన్నాడు ఒకసారి.

"అరిగితే అరగనీ. నీ వేళ్ళ జిగురుకన్నా అరుగుదలే మేలు."

ఆదివారం పొద్దున ఆయన కాఫీకి కూడా లేవకుండా మంచం మీదనే పడుకున్నాడు. నేను ముందుగది ఊడ్చి, బల్ల సర్దుతూ మీటరు చేతిలోకి తీసుకున్నాను. దానికి ఏ తీగా తగిలించి లేదు. పెట్టె ఆపి ఉంది. అద్దం ఎడమమూల, సున్నా ఉన్న చోట, బల్లి రెట్ట పడి ఎండి ఉంది. రోజూ నేను రుద్దేది మధ్యలో. ఆ రోజు మాత్రం ఆ మూల గోకి, అక్కడి నుంచి కుడివైపుకు గట్టిగా రుద్దుకుంటూ పోయాను.

ముల్లు లేచింది.

తీగ లేదు, కరెంటు లేదు, బ్యాటరీ లేదు. ముల్లు సున్నా విడిచిపెట్టి నా గుడ్డ వెంట పోయింది. నేను గుడ్డ ఆపితే ఆగింది. చేయి తీసేసినా దిగలేదు, గాలిలో నిలబడినట్టు అక్కడే ఉంది. నా ముంజేతి మీద వెంట్రుకలు కూడా లేచాయి. అది భయానికి కాదు, ఆ గుడ్డ పెట్టే చిటచిటకు. ఆ చీర కట్టుకున్న రోజుల్లో ఎండాకాలం విప్పేటప్పుడు చిటచిటమని కాళ్ళకు అంటుకునేది నాకు తెలియనిదా?

దుమ్ము పోవాలని అద్దానికి దగ్గరగా నోరు పెట్టి హా అని ఊది తుడవడం అలవాటు. ఊదాను. నోటి ఆవిరి తగలగానే ముల్లు మెల్లగా సున్నాకు దిగి కూర్చుంది.

నాకు అంతా అర్థమైపోయింది. ముల్లు వెంట్రుకంత తేలిక. నేను అద్దం మధ్యలో రుద్దిన ప్రతిసారీ ఆ నైలాను చిటచిటకు ముల్లు పైకి లాగబడింది. మూల దగ్గర రుద్దలేదు కాబట్టి సున్నా సరిగ్గానే ఉండేది, ఆయనకు అనుమానం రాలేదు. పొద్దున తుడిచినప్పుడు పుట్టిన చిటచిట మధ్యాహ్నానికి దిగిపోయేది. బ్యాటరీ అంగడికి పోయినప్పుడు సంచిలో, చెమట చేతుల్లో దిగిపోయింది. పెట్టెలో ఏ లోపమూ లేదు. లోపమంతా నా శుభ్రతలో ఉంది.

చెప్పకుండా ఉండొచ్చు. ఆ గుడ్డను పొయ్యిలో వేసి, రేపటి నుంచి నూలుగుడ్డ పెట్టి, పెట్టె తనంతట తనే బాగైందని ఊరుకోవచ్చు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. ఇరవై ఏళ్ళుగా ఆయన చేతుల మురికిని తిట్టిన నోటితో, తప్పు నా శుభ్రతదే అని ఎట్లా చెప్పాలి? వంటింట్లోకి పోయి చెనక్కాయలు వేయించి ఊరిబిండి పచ్చడి నూరాను. అవసరం లేనంత మెత్తగా నూరాను. నూరడం అయిపోయింది, మనసు మాత్రం తేరుకోలేదు. మంచం దగ్గరికి పోయాను.

"లెయ్. నీకొకటి చూపించాల."

"ఏందీ? మళ్ళా ఏం పగిలింది?"

"ఏం పగల్లేదు. లేచి రా బిరీన."

మీటరు ఆయన చేతికిచ్చి, నేను గుడ్డతో రుద్ది చూపించాను. ముల్లు లేచి నా వెంట వచ్చింది. ఆయన నోరు తెరిచి చూశాడు. మళ్ళీ రుద్దమన్నాడు. తర్వాత గుడ్డ లాక్కుని తానే రుద్దాడు. ఈ పక్కకు, ఆ పక్కకు. ముల్లు కుక్కపిల్ల లాగా తిరిగింది. ఆయన ఊదాడు, దిగింది. మళ్ళీ రుద్దాడు. పది పన్నెండు సార్లు చేసి ఉంటాడు. నేను తిట్టు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆయన భుజాలు ఊగాయి. ఏడుస్తున్నాడేమో అని వంగి చూశాను. నవ్వుతున్నాడు.

"ఇంటికొచ్చిన చుట్టాలే కాదుమ్మే, మీటరు ముల్లు కూడా నువ్వు యాడికంటే ఆడికే పోతాంది!"

"నవ్వింది చాల్లే. నాల్గు దినాలు గడ్డం గీక్కోకుండా కూసున్నావే, అప్పుడు తెలీలా?"

"నాకేం తెల్సు, నా మీద కాక మీటరు మీద కూడా పెత్తనం చేస్తాండావని?"

ఆ తర్వాత మూడు రోజులు ఆ పెట్టెకు పండగ. మీటరు అద్దాన్ని తడి నూలుగుడ్డతో ఒత్తి, ఆరబెట్టి పెట్టాం. బొంత కోసం దాచిన చీర నుంచి ఆ ముక్క చించడానికి నాకు కష్టంగానే ఉండింది, చించాను. ప్రతి అంకె కాడా మూడుసార్లు చూశాం, మిల్లు తిరిగేటప్పుడు, ఆగినప్పుడు. పలక మీద స్ప్రింగు ఎర్రబడేదాకా బరువు వేశాం. నేను స్పీకరుకు చెవి ఆనించి విన్నాను. జుమ్మనలేదు. కొత్తగా మార్చిన పార్టులు తీసి మొదటివే వేశాడు, అవే మంచివని. ముఖం మీద రేకు కొత్తగా కొట్టి నల్లరంగు వేశాడు. నేను అంకెలు రాశాను.

బుధవారం నేను కూడా నంద్యాలకు బయలుదేరాను.

"నువ్వెందుకు?"

"పెట్టె నువ్వు పట్టుకుంటే మీటరు ఎవరు పట్టుకోవాల?"

అసలు కారణం అది కాదు. ఆయన మాట్లాడడు. ఎవరో ఒకరు మాట్లాడాలి.

కాలేజీలో ఆ గది పొడుగ్గా ఉంది. బల్లలు, బల్లల మీద తీగలు, గోడకు నల్లబల్ల. పదిమంది పిల్లలు ఏదో ప్రయోగం చేసుకుంటున్నారు. సారు చిన్నవాడు, జేబులో రెండు పెన్నులు. నన్ను చూసి కుర్చీ వేయించాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే ముల్లు కనపడదు.

సారు పెట్టెకు తమ మీటరు తగిలించాడు. మూడు కాడ మూడు. ఆరు కాడ ఆరు. తొమ్మిది కాడ తొమ్మిది, పన్నెండు కాడ పన్నెండుకు ఒక వెంట్రుక తక్కువ. తర్వాత బరువు వేశాడు. వాళ్ళది పింగాణీ గొట్టానికి తీగ చుట్టి, పైన జరిపే పిడి ఉన్న పెద్ద సామాను. మా పొయ్యి స్ప్రింగు చేసే పనే అదీ చేస్తోంది, కాకపోతే దర్జాగా. ముల్లు చలించలేదు.

సారు తల ఊపి, ఉన్నట్టుండి అడిగాడు.

"బాగుంది. మరి పోయినవారం ఎందుకు తప్పు చూపించింది?"

మా ఆయన నేల చూశాడు. నన్ను కాపాడాలనుకున్నాడో, చెప్తే నవ్వుతారనుకున్నాడో.

"ఒక పార్టు వీకుగా ఉండె సార్. మార్చినాం."

"పార్టా?" సారు ముఖం మారింది. పెట్టెను పక్కకు జరిపాడు. "అట్లయితే నాకు ఇబ్బందే. వారంలో ఒక పెట్టెలో పార్టు వీకైతే ఎనిమిది పెట్టెల్లో ఎన్ని వీకవుతాయో ఎవరు చెప్పగలరు? పరీక్షల మధ్యలో ఆగితే పిల్లల మార్కులు పోతాయి. నేను ఒకసారి ఆలోచించుకుని కబురు చేస్తాను."

ఆలోచించుకుంటానన్నవాళ్ళు కబురు చేయరు. అంగడి మూసిన తాళం చప్పుడు నాకు వినపడింది.

"పార్టేం కాదు సార్" అన్నాను. "తప్పు పెట్టెది కాదు. నాది. మీటరు అద్దాన్ని నేను నైలాను గుడ్డతో తుడిచినా. ముల్లు గుడ్డ వెంట పోయింది. అది చూసి ఈయప్ప గుండీ పెట్టినాడు, నేను అంకె రాసినా."

గదిలో ఒక పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. సారు నవ్వలేదు. నమ్మనూ లేదు.

"అట్లా జరుగుతుందా అమ్మా? గుడ్డతో తుడిస్తే అరవోల్టు తేడానా?"

"మీ మీటరు ఇట్ల ఇయ్యండి."

"నైలాను గుడ్డ తెచ్చారా?"

"తేలేదు. అది మా ఇంట్లో ఇంక అంగట్లోకి రాదు. మీ జేబులో రుమాలు ఏంది? టెరిలిన్ కదా? అదీ నైలాను జాతే."

సారు రుమాలు తీసిచ్చాడు. మడతలు నలగని రుమాలు, ఎండాకాలం, గది పొడిగా ఉంది. మీటరును పెట్టెకు తగిలించే ఉంచి, ఆరు మీద గుండీ పెట్టమన్నాను. ముల్లు ఆరు మీద ఉంది. అద్దం మధ్య నుంచి కుడివైపుకు, ఇంట్లో రుద్దినట్టే గట్టిగా రుద్ది చేయి తీశాను. ముల్లు ఆరు దాటి ఎక్కి నిలబడింది.

పిల్లలంతా ప్రయోగాలు వదిలేసి బల్ల చుట్టూ మూగారు. వంగి అద్దం మీద హా అని ఊదాను. ముల్లు ఆరుకు దిగింది.

"మళ్ళా చెయ్ అవ్వా!" అన్నాడు ఇందాక నవ్విన పిల్లవాడు.

"నేను అవ్వను కాదు, ఇంకా పదేండ్లు పడుతుంది. నువ్వే రుద్ది చూడు."

వాడు రుద్దాడు, ఇంకొకడు ఊదాడు. సారు కూడా ఊరుకోలేదు, రుమాలు తీసుకుని రెండుసార్లు చేశాడు. తర్వాత నుదురు కొట్టుకున్నాడు.

"ఇది నేను పాఠం చెప్తానమ్మా. ఏటా చెప్తాను. గాజుకడ్డీని పట్టుగుడ్డతో రుద్దితే కాగితం ముక్కలు ఎగిరి అంటుకుంటాయని. కానీ మీటరు కాడ తట్టలేదు."

"మా ఇంట్లో గాజుకడ్డీ లేదు సార్. చిరిగిన చీర ఉండాది."

అప్పుడు సారు గట్టిగా నవ్వాడు. మా ఆయన వైపు తిరిగి, "ఈ మాట ముందే చెప్పొచ్చు కదా? పార్టు అంటే నేను భయపడ్డాను. తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టినవాళ్ళు చేస్తే నాకు ధైర్యం. మిగతా ఏడూ చేయండి. పరీక్షలకు ముందే కావాలి" అన్నాడు. ఇంకొక మాట కూడా అన్నాడు, అంకెలు ఇదే చేతితో రాయించండి అని. నేను వినపడనట్టు మా మీటరు ఉన్న సంచి సర్దుకున్నాను.

తిరుగు బస్సులో ఆయన పక్కన సీటు దొరికింది. పెట్టె అక్కడే ఇచ్చేశాం కాబట్టి చేతులు ఖాళీ, వాటిని ఏం చేయాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"నీ మీదికి రాకూడదనే పార్టు అని చెప్పినా" అన్నాడు.

"నా మీదికి వస్తే నేను చూసుకుంటా. అబద్ధం చెప్పేది చేతగానప్పుడు ఎందుకు చెప్తావ్? నీ ముఖం చూస్తే ఎవరైనా కనిపెడతారు."

"అవునుమ్మే" అని నవ్వాడు. బస్సులో వాళ్ళు తిరిగి చూసేంతగా నవ్వాడు.

ఇంటికి రాగానే నేనే మా అన్నకు కార్డు రాశాను. పని దొరికింది, మీ బావ మిల్లుకు రాడు, ఇంక అడగవద్దు. మూడు ముక్కలు, పెద్ద అక్షరాలు. అన్నకు నమ్మకం కుదరలేదు. పదిరోజులకు బస్సు దిగి నేరుగా అంగట్లోకి వచ్చాడు. మేము అప్పుడు నాలుగో పెట్టె మీద ఉన్నాం. గది నిండా రేకులు, తీగలు, నల్లరంగు వాసన. మా ఆయన గుండీ మీద చేయి వేసి ముల్లు చూస్తున్నాడు, తల ఎత్తలేదు. నాకు రెండు చేతులూ ఖాళీ లేవు, ఒక చేతిలో కుంచె, ఒక చేతిలో స్ప్రింగు తీగ.

"ఏం బావా, చుట్టమొస్తే లేవవా?"

"లేస్తే ముల్లు చూసేదెవరు బావా?" అన్నాడు మా ఆయన. చాలా ఏళ్ళకు ఆయన నోట్లోంచి అంత చురుకైన మాట విన్నాను.

"అన్నా, ఊరికే నిలబడొద్దు. ఈ తీగ ఆ మూడో మేకుకు ఆనించి పట్టుకో. మేకును తాకొద్దు, కాలుతుంది" అన్నాను.

మా అన్న ధోవతి సర్దుకుని వంగి పట్టుకున్నాడు. తాకొద్దన్న మేకునే తాకి, వేలు నోట్లో పెట్టుకుని గంతేశాడు. మళ్ళీ పట్టుకున్నాడు. స్ప్రింగు ఎర్రబడింది, మీటరు ముల్లు కదలకుండా నిలబడింది. అన్న దాని వైపు చూస్తూ అడిగాడు.

"అయితే నేనిప్పుడు గుమాస్తాను యాడ వెదుక్కోవాల?"

"నాకేం తెల్సు? నువ్వా తీగ గట్టిగా పట్టుకో. ఈ తొమ్మిది రాసినాక అన్నం పెడతా."